మొదటి గ్లేసియర్‌కే ఓట్ రూట్ వద్దు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మంచు గురించి ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. కారణం కనిపిస్తూనే ఉంది. మన పిల్లలు మ్యూనిక్‌లో, జూరిచ్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు, చలికాలం వస్తే తోటివాళ్లతో కొండలెక్కుతున్నారు, ఆ ఫొటోలు ఇంటి వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తున్నాయి, ఇక్కడ అమ్మానాన్నలకు టెన్షన్ మొదలవుతోంది. ఈసారి వచ్చిన ప్రశ్నలేవీ లిఫ్టు ఎక్కి చదును చేసిన వాలు మీద జారే స్కీయింగ్ గురించి కావు. లిఫ్టులు లేని చోట సొంత కాళ్లతో ఎక్కుతూ, గ్లేసియర్లు (కొండల మీద మెల్లగా కదిలే మంచు నదులు) దాటుతూ, ఒక హట్ (కొండ మీద రాత్రి బస) నుంచి ఇంకో హట్‌కు వెళ్లే స్కీ టూరింగ్ గురించి.

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ, మ్యూనిక్‌లో పనిచేస్తున్నా. రెండు సీజన్ల నుంచి రిసార్టుల్లో స్కీయింగ్ చేస్తున్నా, రెడ్ రన్నులు, అంటే మధ్యరకం కష్టమున్న వాలులు, బాగానే దిగుతా. ఏప్రిల్‌లో షమొనీ నుంచి జెర్మాట్‌కు ఓట్ రూట్ పోదామని ఆఫీసు దోస్తులు పిలుస్తున్నారు. పోవచ్చా? వద్దంటే ఇంకే దారి ఉంది?

ఈ ఏప్రిల్‌కు వద్దు తమ్ముడూ. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

ఫ్రాన్స్‌లో మోంబ్లాంక్ కింద ఉన్న షమొనీలో మొదలై స్విట్జర్లాండ్‌లో మ్యాటర్‌హార్న్ కింద ఉన్న జెర్మాట్‌లో ముగిసే దారి అది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో బ్రిటిష్ పర్వతారోహకులు వేసవిలో నడిచి కనిపెట్టారు. 1911 జనవరిలో మార్సెల్ కుర్జ్, రోజే అనే ఇద్దరు బూర్ సాంపియేర్ ఊరి నుంచి జెర్మాట్ దాకా స్కీల మీద దాటారు. ఇప్పుడు మార్చి మధ్య నుంచి మే మొదటివారం దాకా దాని మీద జనం వెళ్తూనే ఉంటారు, ఆరేడు రోజుల పని. పేరు పెద్దది కాబట్టి చాలామంది మొదటి టూరుకే దాన్ని పట్టుకుంటారు, నాకు నచ్చనిది అదే.

మొదటి రోజుల్లోనే షార్డొనే కనుమ వస్తుంది, 3,323 మీటర్లు. ఎక్కడం సరే, అవతలి పక్క దిగేది ఎంత నిటారుగా ఉంటుందంటే చాలా గుంపులు తాడు కట్టుకొనే దిగుతాయి. అక్కడి నుంచి త్రియాన్ హట్, 3,170 మీటర్ల ఎత్తులో నిద్ర. తర్వాత లోయలోని షాంపే ఊరికి దిగి, టాక్సీ పట్టుకొని ముందుకు పోతారు, ఇక్కడే దారి రెండుగా చీలుతుంది. పాత దారి బూర్ సాంపియేర్ నుంచి వల్సొరే హట్ మీదుగా ఒక నిటారు మంచు గోడ ఎక్కిస్తుంది. అక్కడ స్కీలు విప్పి బ్యాగుకు కట్టి, బూట్లకు క్రాంపన్లు (ఇనుప ముళ్లు) తొడిగి, చేతిలో ఐస్ యాక్స్‌తో ఎక్కాలి. జారితే ఆగే చోటు లేదు. రెండోది వెర్బియే మీదుగా పోతుంది, కాస్త నయం. ఆ దారిలో గ్రాండ్ డిక్సాన్స్ డ్యామ్ వెనకున్న సరస్సు పక్క నుంచి వెళ్తారు. మన నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు, ఇది 285 మీటర్లు, లెక్క నువ్వే వేసుకో. ఏ దారిన వెళ్లినా చివరికి వీన్యెట్ హట్ దగ్గర కలుస్తారు. ఆఖరి రోజు మూడు కనుమలు దాటాలి, వాటిలో పెద్దది వల్పెలీన్, 3,568 మీటర్లు, అక్కడి నుంచి జెర్మాట్ దాకా రెండు వేల మీటర్లకు దగ్గరగా దిగుడు.

రెడ్ రన్నులు దిగుతా అన్నావు. అది రాత్రంతా యంత్రం చదును చేసిన మంచు. ఇక్కడ పొద్దున్నే అద్దంలా గట్టిపడ్డ మంచు, ఎండెక్కాక మోకాలిదాకా దిగబడే మంచు, పైన పెంకు కట్టి లోపల పొడిగా ఉండే మంచు, అన్నీ ఒకే రోజులో దొరుకుతాయి. వీపు మీద పది కిలోల పైన బరువు. అప్పటికే నాలుగైదు గంటలు ఎక్కి కాళ్లు వణుకుతుంటాయి. అందంగా జారక్కర్లేదు, కానీ పడకుండా, గుంపును ఆపకుండా దిగాలి. ఎందుకంటే అక్కడ ఆలస్యమే ప్రమాదం. రాత్రి గడ్డకట్టిన మంచు ఎండకు వదులయ్యేలోపు నిటారు వాలులు దాటెయ్యాలి, అందుకే నాలుగింటికి లేచి మధ్యాహ్నానికల్లా హట్‌కు చేరుకుంటారు. ఒక్కడు పదిసార్లు పడితే గుంపంతా రెండు గంటలు వెనకబడుతుంది, మూడింటికి ఉండకూడని చోట ఉంటుంది.

వాతావరణం సంగతి వేరే చెప్పాలి. 2018 ఏప్రిల్ ఆఖరులో ఇదే దారిలో పీన్ దారొల్లా శిఖరం దగ్గర తుపానులో చిక్కిన పద్నాలుగు మంది రాత్రంతా బయటే ఉండిపోయారు, ఏడుగురు చనిపోయారు. వాళ్లున్న చోటికీ వీన్యెట్ హట్‌కూ మధ్య దూరం అర కిలోమీటరు, అంతే. నేల, ఆకాశం ఒకటే తెల్లగా అయిపోయి మూడడుగుల అవతల ఏముందో కనిపించనప్పుడు అర కిలోమీటరు కూడా దూరమే. 2024 మార్చిలో జెర్మాట్, అరొల్లా మధ్య తెత్ బ్లాంష్ దగ్గర ఇంకో ఆరుగురు ఇలాగే తుపానులో చిక్కుకున్నారు. భయపెట్టడానికి చెప్పట్లేదు. దారి ఎంచుకునేటప్పుడు శిఖరాలు, ఫొటోలు చూడడం కాదు, ప్రతి రోజూ పొద్దున "ఈరోజు మబ్బు పడితే ఎక్కడి నుంచి లోయలోకి దిగిపోగలం" అనే ప్రశ్నకు జవాబుందా లేదా చూడాలి. ఓట్ రూట్‌లో కొన్ని రోజులు ఆ జవాబు ఉండదు.

అందుకే ఈ ఏడాది సిల్వ్రెట్టా పో. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ సరిహద్దు, నీకు దగ్గర కూడా. గాల్ట్యూర్ ఊరి నుంచి ఎక్కితే జామ్‌టాల్ హట్, ఎత్తు 2,165 మీటర్లే, అవతల వీస్‌బాడెనర్ హట్ 2,443 మీటర్లు, దాని పైన పీజ్ బుయిన్ శిఖరం 3,312 మీటర్లు. గ్లేసియర్లు ఉన్నాయి, తాడు పని నేర్చుకోవడానికి చాలినన్ని ఉన్నాయి, కానీ వాతావరణం తిరగబడితే హట్ నుంచి లోయకు దిగిపోవచ్చు. అలాగని తేలిగ్గా తీసుకోకు. 1999 డిసెంబర్‌లో జామ్‌టాల్ హట్ దగ్గరే అవలాంచ్ (విరిగిపడే మంచుచరియ) కింద తొమ్మిది మంది పోయారు. మరుసటి ఏడాది ఏట్స్‌టాల్, అంటే ఆస్ట్రియాలోనే వెంట్ ఊరి చుట్టూ ఉన్న కొండలు, అక్కడ విల్డ్‌ష్పిట్సె 3,768 మీటర్లు. 1991లో ఐదు వేల ఏళ్ల నాటి మంచు మనిషి శవం బయటపడింది ఆ చుట్టుపక్కలే. ఇవి రెండూ అయ్యాక ఓట్ రూట్, అదీ వెర్బియే మీదుగా, గైడ్‌తో.

స్విట్జర్లాండ్‌లోని యూంగ్‌ఫ్రౌయోఖ్ సంగతి కూడా దోస్తులు ఎత్తుతారు, రైలే 3,454 మీటర్ల దాకా తీసుకెళ్తుంది కదా అని. రైలు దిగిన చోటే గ్లేసియర్, అందుకే మోసపోతారు. అక్కడి నుంచి కోంకోర్డియా, ఫిన్‌స్టెరార్‌హార్న్ హట్ల మధ్య స్కీయింగ్ ఏమంత నిటారు కాదు, కానీ మబ్బు పడితే ఎటు చూసినా గంటల తరబడి గ్లేసియరే. మొదటిసారికి కాదు.

ప్రశ్న: మా అబ్బాయి జూరిచ్‌లో ఉంటాడు. శని, ఆదివారాలు స్కీలు వేసుకొని కొండలకు పోతాడు. వద్దంటే వినడు. మంచు కింద పడి పోయారని వార్త చూసిన రోజు నాకు నిద్ర ఉండదు. వాడిని ఏం అడగాలో కూడా తెలియదు. – ఓ తల్లి, నల్లగొండ

అమ్మా, వద్దు అనే మాట పక్కన పెట్టి నాలుగు సంగతులు అడగండి. జవాబు చెప్పేటప్పుడు తడబడుతున్నాడంటే అప్పుడు గట్టిగా మందలించండి.

ముందుగా "ఈరోజు బులెటిన్ ఎంతరా" అని అడగండి. దావోస్‌లో మంచు, అవలాంచ్‌ల మీద పరిశోధన చేసే సంస్థ ఉంది, ఎస్ఎల్ఎఫ్ అంటారు. చలికాలం రోజూ సాయంత్రం ఐదింటికి, పొద్దున ఎనిమిదింటికి ఏ ప్రాంతంలో ప్రమాదం ఎంతో ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేసి చెప్తుంది. మూడు అంటే సగమే కదా అనిపిస్తుంది, కాదమ్మా, ఎక్కువమంది పోయేది మూడు ఉన్న రోజుల్లోనే. నాలుగు, ఐదు ఉంటే ఎవరూ బయటికి రారు, మూడు ఉంటే ఏం కాదులే అని వస్తారు. మూడు అన్నాడనుకోండి, "మరి ముప్పై డిగ్రీల కన్నా నిటారు వాలు మీదికి పోతున్నావా" అని అడగండి. అవలాంచ్‌లు ఎక్కువగా ముప్పై నుంచి నలభై ఐదు డిగ్రీల వాలుల మీదే తెగుతాయి. స్విస్ ప్రభుత్వ మ్యాపుల యాప్‌లో ముప్పై దాటిన వాలులన్నీ రంగు వేసి చూపిస్తారు, వాడి ఫోన్లో ఉండే ఉంటుంది.

తర్వాత బీపర్. ఛాతీకి కట్టుకునే చిన్న పరికరం, 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ ఇస్తూ ఉంటుంది. ఎవరైనా మంచు కింద పడితే మిగతావాళ్లు తమ బీపర్‌ను వెతికే మోడ్‌లో పెట్టి ఆ సిగ్నల్ పట్టుకుంటూ పోతారు, పొడుగు కడ్డీ గుచ్చి మనిషి ఎక్కడున్నాడో తెలుసుకొని పారతో తవ్వుతారు. బీపర్, కడ్డీ, పార, ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. హెలికాప్టర్ వచ్చేదాకా ఆగితే లాభం లేదు, ఎందుకంటే మొదటి పది, పదిహేను నిమిషాల్లో తీస్తే చాలామంది బతుకుతారు, ఆ తర్వాత గాలి అందక ఆశ వేగంగా తగ్గిపోతుంది. అంటే కాపాడేది పక్కనున్న స్నేహితుడే. కాబట్టి అసలు అడగాల్సింది "నీతో ఎవరొస్తున్నారు, వాళ్లు ఈ ఏడాది వెతికే ప్రాక్టీస్ చేశారా" అని. ఒక్కడినే పోతున్నా అన్నాడంటే మీరు ఎంత కోప్పడినా తప్పులేదు.

ఇంకో మాట తెలియాలి మీకు. మనుషులు చిక్కుకున్న అవలాంచ్‌లలో పదికి తొమ్మిది పైనుంచి తమంతట తామే వచ్చి పడినవి కావు, ఆ మనిషో ఆ గుంపులోని వాళ్లో అడుగు పెట్టడం వల్లే తెగుతాయి. అడుగున పట్టులేని పొర, దాని మీద గాలి తెచ్చి పేర్చిన గట్టి పలక, ఆ పలక మీద మనిషి బరువు. అంటే చాలావరకు మీవాడి చేతిలో ఉన్న పని, అది కొంత ఊరటే కదా.

ఏ హట్, ఏ దారి, ఎన్నింటికి మెసేజ్ పెడతాడు అనేది వెళ్లే ముందు రాసి పెట్టమనండి. చాలా లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు, ఒక గంట ఆలస్యమైందని కంగారు పడొద్దు.

ప్రశ్న: వీడియోల్లో గమనించాను, గ్లేసియర్ మీద ఎక్కేటప్పుడు తాడు కట్టుకుంటున్నారు, దిగేటప్పుడు విప్పేస్తున్నారు. దిగేటప్పుడే కదా ప్రమాదం ఎక్కువ? – టీచర్, మహబూబ్‌నగర్

సార్, మంచి ప్రశ్న, అక్కడ టూరు చేసేవాళ్లలో కూడా కొందరు ఆలోచించరు.

గ్లేసియర్ కదిలే మంచు. కింద బండ వంపు తిరిగిన చోట, వాలు పెరిగిన చోట మంచు సాగలేక చీలుతుంది, పదుల మీటర్ల లోతు చీలికలు. చలికాలం కురిసిన మంచు వాటి మీద వంతెనలా కప్పేస్తుంది, పైకి ఏమీ తెలియదు. ఎక్కేటప్పుడు మనిషి నెమ్మదిగా, ఒక్కో అడుగు బరువంతా వేస్తూ పోతాడు, వంతెన మీద ఎక్కువసేపు ఉంటాడు. తాడు కట్టుకొని మనిషికీ మనిషికీ మధ్య పది మీటర్ల దాకా దూరం పెట్టుకొని, తాడు వదులు లేకుండా నడిస్తే ఒకరు పడ్డా మిగతావాళ్లు ఆపగలరు. దిగేటప్పుడు స్కీల మీద వేగంగా పోతారు, వంతెన మీద ఉండేది ఒక్క క్షణం. తాడుతో దిగితే ఒకరినొకరు లాగి పడేసుకోవడమే ఎక్కువ. అందుకే విప్పుతారు. కానీ నడుముకు హార్నెస్ (తాడు తగిలించే పట్టీలు) మాత్రం రోజంతా ఉంటుంది, పడితే పైకి లాగాలంటే అదే ఆధారం. చీలికలు మరీ ఎక్కువున్న చోట, పొగమంచు కమ్మినప్పుడు దిగేటప్పుడు కూడా కట్టుకుంటారు, ఎంత చిరాకైనా సరే.

మరి డిసెంబర్, జనవరిలో చలి ఎక్కువ కాబట్టి వంతెనలు గట్టిగా ఉంటాయి అనుకుంటాం. తిరకాసు ఇక్కడే. అప్పటికి పడిన మంచు తక్కువ, వంతెన పలచన. మార్చి, ఏప్రిల్‌కు మంచు మందంగా పేరుకొని, పగలు కరిగి రాత్రి గడ్డకట్టి గట్టిపడుతుంది. పెద్ద గ్లేసియర్ దారులకు వసంతమే సీజన్ కావడానికి అదొక కారణం. స్కీలు బరువును పంచుతాయి కాబట్టి, నీళ్లు తాగడానికో, మూత్రానికో ఆగినప్పుడు తెలియని చోట స్కీలు విప్పి రెండడుగులు వేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

ప్రశ్న: స్కీలు కిందికి జారేవి కదా, వాటితో పైకి ఎట్లా ఎక్కుతారు? – వనపర్తి

అడుగున స్కిన్లు అంటిస్తారు. ఒకప్పుడు సీల్ జంతువు చర్మం, ఇప్పుడు నైలాన్, లేదా మోహేర్ అనే మేక వెంట్రుక. వెంట్రుకలు ఒకవైపే వాలి ఉంటాయి కాబట్టి ముందుకు జారుతుంది, వెనక్కి జారదు. బూటు ముందు భాగం మాత్రమే స్కీకి బిగించి ఉంటుంది, మడమ లేస్తుంది. పైకి చేరాక స్కిన్లు పీకి, మడమ బిగించి దిగుతారు. పొద్దున గట్టి మంచు మీద స్కిన్ పట్టదు, అప్పుడు స్కీ కింద పళ్లున్న రేకు తగిలించుకుంటారు. స్కిన్ బంక తడిస్తే అంటుకోదు, అది జాకెట్ లోపల పెట్టుకోవాలని ఎవరైనా మొదటిరోజే చెప్పాలి.

ప్రశ్న: అక్కడిదాకా పోలేను, డిగ్రీ చదువుతున్నా. మన దేశంలో నేర్చుకోవచ్చా? – అచ్చంపేట

నేర్చుకోవచ్చు, అదీ యూరప్‌లో అయ్యే ఖర్చులో చిన్న ముక్కకే. స్కీయింగ్‌కు గుల్మార్గ్‌లో కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఉంది, మనాలీలో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరుతో ఇంకోటి ఉంది, ఉత్తరాఖండ్‌లో ఔలీ ఉంది. గుల్మార్గ్ గొండోలా (కేబుల్ కారు) అఫర్వత్ కొండ మీద నాలుగు వేల మీటర్లకు కాస్త తక్కువ దాకా తీసుకెళ్తుంది, పై స్టేషన్ నుంచి దిగేదంతా చదును చేయని వాలే. 2024 ఫిబ్రవరిలో అక్కడ అవలాంచ్‌లో ఒక విదేశీ స్కీయర్ పోయాడు, కాబట్టి కోర్సు పూర్తికాకుండా పైకి పోవద్దు. గ్లేసియర్ పనికి ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్, డార్జిలింగ్‌లోని హిమాలయన్ ఇన్‌స్టిట్యూట్ నడిపే నాలుగు వారాల పర్వతారోహణ బేసిక్ కోర్సు. సీట్లు ముందే నిండిపోతాయి, ఇప్పుడే దరఖాస్తు పెట్టు.

తాడు పని కోసం అంత దూరం కూడా అక్కర్లేదు. భువనగిరి కోట బండ మీద రాక్ క్లైంబింగ్ నేర్పుతారు. 2014లో పదమూడేళ్ల పదకొండు నెలలకు ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ మొదట శిక్షణ పొందింది అక్కడే. హార్నెస్ బిగించడం, ఎనిమిది ముడి, బరువు పడితే తాడును బిగించి పట్టే ప్రుసిక్ ముడి, తాడు పట్టుకొని తనను తాను పైకి లాక్కోవడం, ఇవి మంచులో పడితే కావలసినవే. చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు కళ్లు మూసుకొని కూడా ముడి వేయగలగాలి. ఇక దమ్ము పెంచడానికి, వీపున పది కిలోల బరువుతో వారానికి రెండుసార్లు ఉమామహేశ్వరం మెట్లెక్కు, నీకు పక్కనే కదా.

ప్రశ్న: గ్లేసియర్లు కరిగిపోతున్నాయంటున్నారు, మరి ఈ దారులు ఉంటాయా? – గద్వాల

ఉంటాయి, మారుతున్నాయి. 2022, 2023 రెండేళ్లలోనే స్విట్జర్లాండ్ గ్లేసియర్ల మంచు పది శాతం తగ్గింది. ఆలెట్ష్ గ్లేసియర్ ఆల్ప్స్‌లో అన్నిటికన్నా పొడుగు, ఇరవై కిలోమీటర్ల పైన ఉంటుంది. దాని పక్కన కోంకోర్డియా హట్ 1877లో కట్టినప్పుడు మంచుకు కొంచెం పైనే ఉండేది. మంచు కిందికి పోతున్నకొద్దీ మెట్లు కడుతూ పోయారు, ఇప్పుడు నాలుగు వందలకు పైగా ఇనుప మెట్లు ఎక్కితేగాని హట్ రాదు. రోజంతా స్కీయింగ్ చేసి వచ్చి ఆ మెట్లు చూస్తే ఏడుపొస్తుంది. ఓట్ రూట్‌లో కూడా ఒకప్పుడు మంచు మీద జారిపోయిన కనుమల కింద ఇప్పుడు వదులు రాళ్లు తేలాయి, తాడు, గొలుసు పట్టుకొని దిగాల్సి వస్తోంది. పాత పుస్తకం, పాత జీపీఎస్ ట్రాక్ నమ్మి పోకండి, ముందురోజు హట్ నడిపేవాళ్లను అడగండి, వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ప్రశ్న: హట్‌లో శాకాహారం దొరుకుతుందా? స్నానం? చలికి ఏం తీసుకెళ్లాలి? – సూర్యాపేట

బుక్ చేసేటప్పుడే శాకాహారం అని చెప్పాలి, అక్కడికి పోయాక అడిగితే సూపు, బ్రెడ్డు, చీజ్‌తో సరి. చింతకాయ తొక్కు చిన్న డబ్బాలో తీసుకెళ్లండి, బరువు అనుకోవద్దు. స్నానం మర్చిపోండి. పై హట్లలో తాగే నీళ్లు కూడా మంచు కరిగించినవే, కొనుక్కోవాలి. లోపల దూరి పడుకోవడానికి పలచని సంచిలాంటి స్లీపింగ్ లైనర్ తప్పనిసరి, బూట్లు బయట విప్పాలి, లోపల చెప్పులు వాళ్లే ఇస్తారు. మూడు వేల మీటర్లలో మొదటి రాత్రి తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మామూలే, నీళ్లు బాగా తాగాలి. తగ్గకుండా వాంతులు మొదలైతే కిందికి దిగిపోవాలి.

చలి కన్నా మనవాళ్లను కొట్టేది ఎండ. నల్లగొండ ఎండ చూసినోళ్లం, ఇదెంత అనుకుంటారు. కొత్త మంచు అతినీలలోహిత కిరణాలను ఎనభై శాతం దాకా తిప్పి కొడుతుంది, కింద నుంచి గడ్డం, ముక్కు రంధ్రాలు కూడా మాడతాయి. కేటగిరీ నాలుగు నల్లద్దాలు లేకుండా ఒక్క పూట ఉన్నా రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది.

ప్రశ్న: వీసాకు తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్స్ సరిపోతుందా? – జడ్చర్ల

షెంగెన్ వీసాకు కనీసం ముప్పై వేల యూరోల వైద్య బీమా అడుగుతారు, అది ఆసుపత్రి ఖర్చుకు. చాలా పాలసీల్లో పర్వతారోహణ, లిఫ్టులు లేని చోట స్కీయింగ్ వర్తించవని చిన్న అక్షరాల్లో ఉంటుంది. గ్లేసియర్ మీద తాడుతో వెళ్లడం, హెలికాప్టర్‌తో తీసుకురావడం, ఈ రెండూ కవర్ అవుతాయా అని మెయిల్ రాసి, జవాబు మెయిల్‌లోనే తెప్పించుకోండి, ఫోన్లో "అవుతుంది సార్" అన్న మాట పనికిరాదు. స్విట్జర్లాండ్‌లో రేగా అనే హెలికాప్టర్ సేవ ఉంది, నంబరు 1414. ఏటా కొంత చందా కట్టినవాళ్లకు సాధారణంగా ఆ రక్షణ ఖర్చు మాఫీ చేస్తారు, అయితే అది బీమా కాదు, పైగా ఓట్ రూట్ మొదట్లో ఫ్రాన్స్‌లో, చివరి రోజు కాసేపు ఇటలీలో నడుస్తుంది, అక్కడ అది పనిచేయదు. యూరప్ అంతటికీ 112 పనిచేస్తుంది. ఫోన్ చేస్తే ముందు మీరెక్కడున్నారో అడుగుతారు, జీపీఎస్ అంకెలు చదివి చెప్పడం ఇంట్లోనే ప్రాక్టీస్ చేసి వెళ్లండి.